అరువు ముక్కు

2021 జూలై 8, గురువారం

జలుబు. మే నెలలో వచ్చిన జ్వరం మేలోనే పోయింది. జలుబు మాత్రం ఇల్లరికపు అల్లుడిలా కూర్చుండిపోయింది. ముక్కు కారదు, తుమ్ము రాదు, తల బరువు లేదు. అయినా జలుబే. ఇంకేమవుతుంది?

తెలుగులో రాస్తున్నాను కాబట్టి భయం లేదు. జెసింతాకు తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, మొగుడి మొహం చదవడం వచ్చు. తెలుగు అక్షరాలు మాత్రం జిలేబీల్లా కనిపిస్తాయట. తొమ్మిదో తరగతి తప్పినవాడికి ఆ మాత్రం చాటు దక్కింది, సంతోషం.

పొద్దున ఎనిమిదికల్లా మా బేకరీ బ్రెడ్డు, బన్నులు భట్టీలోంచి దిగిపోయాయి. ఆ తర్వాత ఆవని ఊరి నుంచి రైతు చిన్నవెంకటప్ప టెంపో వచ్చింది. మార్కెట్లో ఎవరూ కొనని టమాటాలు. ఈ వారం ధర ఎంత పడిపోయిందంటే, కోలారు రోడ్డు పక్కన పారబోసిన కుప్పల్ని చూసి ఆవులు కూడా మొహం తిప్పుకుంటున్నాయట. వాటినే మేం సగానికి కోసి, ఉప్పు చల్లి, బ్రెడ్డు దిగాక భట్టీలో మిగిలిన వేడిలో పెడతాం. కొత్తగా ఒక్క పుల్ల వేసేది లేదు. తలుపు మూసి, సందుల్లో తడి గోనె కుక్కి వదిలేస్తాం. సాయంత్రానికి పచ్చి పులుపు వాసన పోయి, బెల్లం పాకం వాసన తగులుతుంది. అప్పుడు తీయాలి. ముందు తీస్తే బూజు, ఆలస్యమైతే బొగ్గు. గడియారం చూసి చేసే పని కాదు, భట్టీ వేడి రోజుకొక రకం. నా ముక్కే గడియారం.

ఈ రోజు అందాజుగా తీశాను. బాగానే వచ్చాయి. దేవుడికి స్తోత్రం.

మధ్యాహ్నం నూల్‌కోల్ గడ్డ సాంబారు. బాగుంది.

జూలై 11

జలుబు.

జూలై 19

మాడ్చాను. రోజూ వేసే నీలగిరి కట్టె దొరకలేదు. శ్రీనివాసపురం తోటల్లో నరికి పడేసిన మామిడి కొమ్మలు వేశాను. బ్రెడ్డు దిగాక నిప్పు పూర్తిగా లాగలేదు కాబోలు, మూల ఎక్కడో రాజుకుంటూ ఉండిపోయింది. నేను భట్టీ తలుపు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న జెసింతా పరిగెత్తుకొచ్చింది. ఏమండీ అనడానికి తమిళంలో ఏంగ అంటుంది.

"ఏంగ! పొగ వాసన రాలేదా మీకు?"

"వచ్చినాది. కావాలనే వదిలినాను. కొత్త రకం."

ఆమె ఒకసారి భట్టీని, ఒకసారి నన్ను చూసి, ఏమీ అనకుండా బట్టల దగ్గరికి వెళ్లిపోయింది. అనకపోతేనే నాకు భయం.

అంచులు నల్లబడినవి తీసేసి, మిగిలినవి నూనెలో వేసి సీసాలు మూసి బెంగళూరుకు స్మితకు పంపేశాను. స్మిత కోలారు పిల్లే. కంప్యూటరు ఉద్యోగం వదిలేసి, చిన్న ఊళ్లలో చేసే తిండి సరుకులు అమ్మే కొట్టు పెట్టింది. ఎండిన టమాటాను వేరుశనగ నూనెలో వేస్తే పట్నంవాళ్లు బ్రెడ్డు మీద వేసుకుని తింటారని మాకు చెప్పింది ఆమే. ఈసారి తిడుతుంది. తిట్టనీ, తిట్టే హక్కు ఉంది.

జూలై 27

స్మిత ఫోను. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను, తిట్లకు.

"అంకుల్, ఆ పొగ వాసన టమాటా వచ్చినట్టే అమ్ముడైపోయింది! ఏం చేసినారు దాంట్లో?"

"అది చెప్పకూడదు తల్లీ. మా తాత గనిలోపల దయ్యాల దగ్గర నేర్చుకున్న విద్య."

"సీసా మీద రాసేదా?"

"వద్దమ్మా, వాటికి కోపం వస్తాది."

పడీపడీ నవ్వింది. "ఇంగ ప్రతి నెలా అదే పంపండి. అచ్చం అదే వాసన. మార్చొద్దు అంకుల్."

ఊళ్లో అందరినీ ఆటపట్టించి బతికాను. దేవుడు నాకంటే పెద్ద కొంటెవాడని ఇప్పుడు తెలిసింది. మాడ్చినదాన్ని బంగారం చేసి ఇచ్చాడు, స్తోత్రం. కానీ ఏ వాసన తల్లీ? అది నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆగస్టు 2

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు వెళ్లాను. వెళ్లింది బ్రెడ్డు పిండిలో కలిపే ఈస్టు కోసం. ఎండుచేపల అంగడి ముందు నిలబడ్డాను. అంగడామె తూకం రాయి చేతిలో పట్టుకుని చూస్తోంది.

"ఏమప్పా, తీసుకుంటావా, దిష్టి పెడతావా?"

"తాజావేనా అని చూస్తా ఉండాను."

"ఎండుచేప తాజానా? మీ ఇంట్లోవాళ్లు ఎట్ల వేగుతారప్పా నీతో?"

వంగి గంపలో మొహం పెట్టినంత పని చేశాను. గాలి. ఉత్త గాలి.

ఇంటికొచ్చి ఇంగువ డబ్బా, కిరసనాయిలు సీసా కూడా చూశాను. మొండి జలుబు.

ఆగస్టు 15

జెండా పండుగ లడ్డూ. తియ్యగా ఉంది. అంతే ఉంది.

ఆగస్టు 23

ఈ రోజు చిన్నవెంకటప్పను బోల్తా కొట్టించిన తీరు రాసి పెట్టుకోవాలి.

బన్నుల మీద పూయడానికి బెల్లం పాకం తెమ్మన్నాను. టెంపోలో క్యాను కనిపించింది, దించుకున్నాను. వేడి బన్ను మీద బాగా పూసి, కొరికి, కళ్లు మూసుకుని, "ఆహా, ఏం వాసనప్పా! ఏ ఊరి బెల్లం?" అన్నాను.

చిన్నవెంకటప్ప పగలబడి నవ్వాడు. నవ్వలేక తువ్వాలు నోట్లో కుక్కుకుని వాకిట్లో ఇసుక మీద కూలబడ్డాడు. నేను ఇంకో ముక్క కొరికాను.

"చాలప్పా, ఊసెయ్యి ఇంగ" అన్నాడు.

నేను నమిలాను. అతని నవ్వు ఆగింది.

"శాంతిరాజూ, అది చేపల మందప్పా. చేపల తలకాయలు, బెల్లం కలిపి కుళ్లబెట్టి చెట్లకు కొట్టేది. బెల్లం పాకం సీటు కింద ఉండాది."

"తెలుసు. నిన్ను ఏడిపిద్దామనే తిన్నాను."

అతను నవ్వలేదు. లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి నోరు పుక్కిలించమన్నాడు. క్యాను మూత బిగించి తీసుకుపోయాడు.

ఎలా నమ్మించానో! టమాటా చెట్లకు పురుగుమందు ముట్టనివాడు, చేపల కంపు భరించి సేద్యం చేసేవాడు, అతన్నే కంపుతో మోసం చేశాను. ఇంత గొప్ప వేళాకోళం చాంపియన్ రీఫ్స్‌లో ఎవడూ చేసి ఉండడు.

ఆగస్టు 24

వేళాకోళం కాదు.

జలుబూ కాదు.

ఆగస్టు 26

డాక్టరుకు చూపించుకున్నాను, జెసింతాకు చెప్పకుండా. మేలో వచ్చిన జ్వరం తీసుకుపోయిందట. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాటకు ఫీజు కూడా తీసుకున్నాడు.

అదే జ్వరంలో, గనివాళ్లకు కట్టిన మా లైను ఇళ్లలో ఎంతమందిని మోసుకుపోయారో చూసినవాణ్ణి. ముక్కు ఒక్కటే పోయిందంటే స్తోత్రం చెప్పుకోవాలి. చెప్పుకున్నాను. చెప్పుకుని, ముక్కు లేని బేకరీవాడు ఏం చేస్తాడా అని పొద్దుపోయేదాకా ఆలోచించాను. మామగారు నా చేతికిచ్చిన భట్టీ ఇది. బంగారు గనులు మూసేసి ఊరంతా బెంగళూరు రైలెక్కిన రోజుల్లో మమ్మల్ని ఎక్కనివ్వనిది. దీన్ని చల్లార్చి నేను ఎక్కడికి పోవాలి?

ఎవరికీ చెప్పను.

సెప్టెంబర్ 3

చిన్నవెంకటప్ప సాయంత్రం మళ్లీ వచ్చాడు. పొద్దున టమాటాలు దించి వెళ్లినవాడికి సాయంత్రం ఇక్కడ ఏం పని? గోనె మీద కూర్చుని వాన గురించి, అల్లుడి గురించి, కురుడుమలె గుడి దగ్గర ఎవరో పెట్టిన హోటలు గురించి చెప్పుకుంటూ పోయాడు. ఉన్నట్టుండి మాట మధ్యలో ఆపి, "ఇంగ తీసెయ్యప్పా" అన్నాడు.

తీశాను. టమాటాలు ముట్టుకుంటే తోలులా సాగాయి. ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ తడి లేదు.

"మీ ఇంట్లో పని లేదా నీకు?" అన్నాను.

"మా ఇంట్లో కాఫీ బాగుండదప్పా."

చేపల మందు మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సెప్టెంబర్ 4

వచ్చాడు.

సెప్టెంబర్ 7

వచ్చాడు. కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసి ఇచ్చాను. మారు మాట్లాడకుండా తాగి, "బాగుండాది. ఇంగొంచెం పొయ్యి" అన్నాడు. దొంగ ముసలాడు.

సెప్టెంబర్ 16

స్మిత అడిగిన పొగ వాసన టమాటా కుదిరింది! నాకు ఆ వాసన తెలియదు కానీ, జూలైలో మాడ్చిన రోజు సీసాలు మూసేటప్పుడు ఒక ముక్క చిన్నవెంకటప్ప నోట్లో పెట్టాను. అతనికి గుర్తుంది.

"ఆ పొద్దు మామిడి కొమ్మలు ఏసినావు గదప్పా. అవే ఏద్దాం. నిప్పు ఒక చారెడు లోపలే ఉండనీ."

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ట్రే పెట్టి చూశాం. మొదటిది చూసి "పొయ్యి ఊదుతా ఉన్న మా అవ్వ వాసన" అన్నాడు. రెండోది చూసి కాసేపు నమిలి, "ఇదే" అన్నాడు. తోటల్లో కుప్పలేసి తగలబెట్టే కొమ్మలు, రోడ్డున పోసే టమాటాలు, వృథాగా పోయే వేడి, పనికిరాని నేను. నలుగురం కలిసి బెంగళూరుకు సరుకు పంపుతున్నాం. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

మధ్యాహ్నం మళ్లీ నూల్‌కోల్. జెసింతాకు ఈ ఏడాది నూల్‌కోల్ మీద ఇంత ప్రేమేమిటో. తినే తిండి దొరుకుతోంది, తప్పు పట్టకూడదు.

అక్టోబర్ 9

థ్యాంక్స్ చెప్పడం నాకు చేతకాదు. నోరు తెరిస్తే తిట్టు వస్తుంది. అందుకని చిన్నవెంకటప్ప టెంపో వెనక అట్ట కట్టాను: "రెండో పెళ్లికి వరుడు సిద్ధం. సొంత తోట కలదు."

అక్టోబర్ 10

అట్ట అలాగే ఉంచుకుని వచ్చాడు.

"ముళబాగిలు దాకా అందరూ దండాలు పెట్టినారప్పా. ఒక సంబంధం కూడా వచ్చినాది. మా ఆవిడ నీ అడ్రసు అడుగుతా ఉండాది, చెప్పేదా?"

నెల రోజుల తర్వాత కడుపునిండా నవ్వాను. అతనికి అర్థమైందనే అనుకుంటున్నాను.

నవంబర్ 21

వాన, వాన, వాన. జిల్లాలో టమాటా తోటలన్నీ నీళ్లలో కూర్చున్నాయి. ధర ఆకాశంలో ఉంది. చిన్నవెంకటప్ప తోట మిట్ట మీద ఉండటంతో బతికింది. వ్యాపారులు తోటకే వచ్చి నిలబడుతున్నారట. మిగులు టమాటా అనే మాటే లేదు. రెండేళ్లుగా పారబోసుకున్నవాడికి ఇప్పుడైనా నాలుగు రాళ్లు రావాలి. మా ట్రేలు ఖాళీగా ఉన్నా సరే.

అతను ఇంక రాడు. రాకూడదు కూడా.

నవంబర్ 23

వచ్చాడు! టెంపో ఊడ్చినట్టు ఖాళీ. మూల ఒకే ఒక్క బుట్టలో వానకు పగిలిన కాయలు.

"ఇవి ఎవురూ కొనరప్పా. నీకైతే ఎట్లాగూ కోసేదే గదా."

"ఒక బుట్ట కోసం ఆవని నుంచి వచ్చినావా? డీజిలు ఊరికే వస్తా ఉండాదా?"

"కోలారుకు పోతా దారిలో దిగినాను."

ఆవని నుంచి కోలారుకు పోయే దారిలో చాంపియన్ రీఫ్స్ తగలదు. వెనక్కి తిరిగి, చుట్టు తిరిగి రావాలి. ఆ మాట అనబోయి మానేశాను. కాఫీలో చక్కెరే వేసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఏమప్పా, ఒళ్లు బాగాలేదా?" అన్నాడు.

డిసెంబర్ 12

అసలు గండం క్రిస్మస్.

గనుల కాలం నుంచి మా లైన్లలో ఇళ్లలో కేకు కలుపుతారు, కాల్చేది మాత్రం మా భట్టీలో. డిసెంబరులో టిన్నులు ఎత్తుకుని అందరూ వస్తారు. ఎవరి టిన్ను వాళ్లు గుర్తుపట్టడానికి పిండి మీద ఒకరు బాదంపప్పు, ఒకరు కిస్మిస్ గుచ్చుకుంటారు. ఒకరిది లోతు టిన్ను, ఒకరిది పలచన, ఒకరికి గుడ్లు ఎక్కువ. ఒక్కొక్కటీ ఒక్కో సమయానికి అవుతుంది. ఏది ఎప్పుడు దించాలో చెప్పేది నా ముక్కే. టమాటా మాడితే కొత్త రకం అని బొంకవచ్చు. అక్టోబరు నుంచి రమ్ములో నానేసిన పండ్లు, ఇంటిల్లిపాది కలిపిన పిండి, అది మాడితే ఆ ఇంటికి పండుగే లేదు.

"భట్టీ లోపల ఇటుక పగిలింది. ఈసారి కేకులు కుదరవు" అన్నాను జెసింతాతో.

ఆమె టార్చి తీసుకుంది. చల్లారిన భట్టీలోకి నడుము దాకా దూరింది. బయటకొచ్చి, తలమీద బూడిదతోనే నా ఎదురుగా కూర్చుంది.

"యాడ పగిలినాది?"

నేను ఆమె తలమీద బూడిద దులపబోయాను.

"మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"నూల్‌కోల్ సాంబారు."

"ముల్లంగి."

"ఏంటి?"

"జూలై నుంచి ముల్లంగే ఏంగ. ఇరవై ఏళ్లు ఈ ఇంట్లో ముల్లంగి వండనిచ్చినారా? కంపు కంపు అని గిన్నెతో సహా పెరట్లో పెట్టినారు. నాకు ఎంత ఇష్టమో తెలుసా?"

"ఇన్ని నెలలా! ఒక్క మాట చెప్పలేదే!"

"మీరు చెప్పినారా?"

నా మొహం ఎలా ఉందో ఏమో, ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి నాకూ వచ్చింది. ఊరందరినీ ఏడిపించినవాణ్ణి, నా పళ్లెంలోనే నన్ను ముంచింది! కళ్లు తుడుచుకుంటూ బూడిద పడిందంది.

"మొదట పరీక్షకు వండినాను. తర్వాత మీరే చెప్తారని చూసినాను. చూస్తా చూస్తా తిన్నాను, బాగుండె."

"కేకులు మాడితే జెసీ?"

"అందరికీ శనివారం రమ్మని చెప్పేసినాను. మీరు మాత్రం నిజం చెప్పండి. ఒక్క రోజుకు."

డిసెంబర్ 18, శనివారం

చెప్పాను. ఇసుక మీద టిన్నులు వరసగా పెట్టి అందరూ నిలబడి ఉండగా, టోపీ తీసి, "మే నెల నుంచి నాకు వాసన తెలీడంలేదు. మీ కేకులు నేను చూడలేను" అన్నాను.

అందరూ ఘొల్లుమని నవ్వారు.

"మొదలుపెట్టినాడమ్మా!"

కుముద టీచరు ప్రతి ఏడాదీ మనవడి కోసం గుడ్డు లేని కేకు తెస్తుంది. వేలు చూపించి మరీ అంది: "పోయినేడు నా కేకు ఎలక ఎత్తుకపోయినాదని ఏడిపించినావు. ఇప్పుడు ముక్కును ఎత్తుకపోయినాదా?"

గోనె మీద కూర్చున్న చిన్నవెంకటప్ప లేచాడు. "నిజమమ్మా. నేను చూసినాను."

"పాపం, ఈ పెద్దాయన్ని కూడా నాటకంలో చేర్చినావా శాంతిరాజూ?"

ఇంకా నవ్వారు. ఒట్టేశాను, నవ్వారు. బైబిలు తెమ్మన్నాను, పొట్టలు పట్టుకున్నారు. ముప్పై ఏళ్ల నా పేరు ప్రతిష్ఠ అలాంటిది. నిజం చెప్పి ఇంత నవ్వించినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నవ్వనిది ప్రిన్సీ ఒక్కతే. ఆసుపత్రిలో నర్సు. వాళ్లమ్మ మేలోనే పోయింది. టిన్ను ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"మే నుంచా అంకుల్? కాఫీ కూడా తెలీదా?"

"వేడి తెలుస్తాది."

"మా వార్డులో చూసినాను. నాటకం కాదు ఇది" అంది, అందరికేసి తిరిగి.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కుముద టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ముందే చెప్పకూడదా, అప్రాచ్యుడా" అంది. అంత ప్రేమగా నన్నెవరూ తిట్టలేదు. తర్వాత ఆమే బెంచీ లాగి భట్టీ తలుపు ముందు వేయించింది. "రండి, ఎవురి కేకు వాళ్లే చూసుకుందాం. ఈయన తెడ్డు పడతాడు. చేతులైనా పని చేస్తాయి గదా?"

ఇంక చూడాలి ఆ సందడి. బెంచీ మీద వరసగా ముక్కులు! నాది, నాది కాదు, నీది మాడుతోంది, నోర్ముయ్యి నాది ఇంకా పచ్చి. చిన్నవెంకటప్పకు కేకు గురించి ఏమీ తెలియదు, అయినా అందరికీ సలహాలిచ్చాడు. నేను తలుపు తీయడం, పొడుగు తెడ్డుతో లాగడం, అంతే.

ప్రిన్సీ వంతు వచ్చేసరికి ఆ పిల్ల బెంచీ దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎప్పుడు తీయాలో అమ్మకు తెలుసు, మీకు తెలుసు. నాకు తెలీదు అంకుల్. నేనెప్పుడూ చెయ్యలేదు."

"చెయ్యకపోతే ఏం. చిన్నప్పుడు ఇదే చోట కూర్చుని 'అయిందా, అయిందా' అని నా ప్రాణం తోడేసేదానివి. మీ అమ్మ టిన్ను దించేటప్పుడు ఏ వాసన వచ్చేదో అది వస్తే చెప్పు."

కూర్చుంది. ఎంతసేపైందో. లేచి నిలబడి, "అంకుల్, ఇప్పుడు. ఇది మా అమ్మది" అంది.

లాగాను. రంగు చూస్తేనే తెలిసిపోయింది. నేనే బొంకి ఈ టిన్నును అందాజుగా దించి ఉంటే? ఆ ఆలోచన ముందుకు పోనివ్వలేదు. స్తోత్రం. ఈసారి వేళాకోళం కలపకుండానే.

అందరూ వెళ్లాక మా టిన్ను ఒక్కటే భట్టీలో మిగిలింది. జెసింతా, నేను.

"ఎప్పుడు తీద్దాం?" అంది.

ఏదో కొంటెమాట నాలుక మీదకొచ్చింది. మింగేశాను.

"నాకు తెలీదు."

ఆమె తలూపి, భట్టీ ముందు పీట వేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడు గుడ్డు వాసనే ఉండాది... ఆగండి, నారింజ తొక్క వచ్చినాది. కొంచెమే. ఇంగ లవంగం. ఎక్కువ ఏసినాను, తిట్టొద్దు... రమ్ము పోయినాది. ఇప్పుడు వెన్న. ఉత్త వెన్న ఏంగ, పొద్దున్నే వేడి బన్ను విరిస్తే వస్తాది చూడండి, అట్ల..." ఇన్నేళ్లలో ఆమె నాతో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం గుర్తులేదు. కళ్లు మూసుకుని, అడ్డు రాకుండా విన్నాను. నాకూ అది కొత్తే.

"తీయండి" అంది. తీశాను.

అడుగు కాస్త మాడిందట. ఆమె చెప్పింది కాబట్టి మాడింది. రెండో ముక్క కూడా పెట్టమన్నాను.